పాత బోర్డో సీసాలో వగరు ఏమవుతుంది?

విజయవాడలో మా బాబాయి వాళ్ల హాల్లో ఒక షోకేసు ఉంది. అందులో ఏటికొప్పాక బొమ్మలు, పిల్లలకు స్కూల్లో వచ్చిన కప్పులు, వాటి పక్కన నిలబెట్టిన ఫ్రెంచి వైన్ సీసా ఒకటి. ఆఫీసు పని మీద విదేశం వెళ్లొచ్చినవాళ్లెవరో తెచ్చి ఇచ్చారట. "ఇది బోర్డో అండీ, ఉంచేకొద్దీ బాగుంటుంది" అన్నారట. బాబాయి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. పద్నాలుగు ఎండాకాలాలు ఉంచాడు. మా చెల్లి నిశ్చితార్థం రాత్రి, చుట్టాల హడావుడి సర్దుమణిగాక, మేడ మీద దాన్ని తీశాం. కార్కు పొడిపొడిగా రాలి సగం లోపలే పడింది. టీ వడపోసే జాలీతో వడకట్టాం. రంగు చూస్తే చారు. వాసన చూస్తే మాడిన బెల్లం పాకం, దాని వెనకే వెనిగర్. బాబాయి ఒక గుక్క తాగి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాతదైతే బాగుంటుందన్నారు కదరా!" అన్నాడు చివరికి.

ఆ చెప్పినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, సగమే చెప్పారు. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం ఏడాది రెండేళ్లలో తాగేయడానికే. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో కూడా అంతే. సీసా మీద 'బోర్డో' అని మాత్రమే ఉండి, మామూలు ధరకు దొరికేదాన్ని దాచిపెట్టి లాభం లేదు. అక్కడి కొన్ని వైన్‌లకు మాత్రమే పాతికేళ్లు, నలభై ఏళ్లు బతికే సత్తా ఉంటుంది. ఆ సత్తా ఎక్కడి నుంచి వస్తుంది, అన్నేళ్లలో సీసా లోపల ఏం జరుగుతుంది, అది మన నాలుకకు ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఈ ముడి విప్పడానికి పనికొచ్చే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. అదే వగరు.

ఇంగ్లీషులో వైన్ గురించి రాసేవాళ్లు ఈ మాట దగ్గర తెగ తడబడతారు. చేదుకూ దీనికీ తేడా చెప్పడానికి పేరాలకు పేరాలు ఖర్చు పెడతారు. ఉగాది పచ్చడి తిని పెరిగిన మనకు ఆ తిప్పలు లేవు. వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు. పచ్చి అరటికాయ, సరిగా పండని నేరేడు, దానిమ్మ తొక్క, వక్క, వీటిలో ఏది నమిలినా నాలుక బిగుసుకుపోయి బుగ్గల లోపల ఎండినట్టు అవుతుంది కదా, అదే ఇది. నిజానికి రుచి కన్నా స్పర్శ అనడమే సరైంది.

దానికి కారణం టానిన్లు. ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో ఉంటాయి. పీపా చెక్క నుంచి కూడా కొంచెం దిగుతాయి. మన ఉమ్మిలో ఉండే కొన్ని ప్రోటీన్లు నోటిని జారుడుగా ఉంచుతాయి. టానిన్లు వచ్చి వాటిని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. నూనె ఇంకిపోయిన తలుపు మడతబందులా నోరు పొడిగా రాసుకుంటుంది. పాలు పోయని టీ డికాషన్ వగరుగా ఉండి, పాలు పోయగానే మెత్తబడటం రోజూ చూసేదే. పాలలోని ప్రోటీన్ టానిన్లను ముందే పట్టేసుకుని, ఉమ్మి జోలికి పోనివ్వదు. బోర్డో వాళ్లు ఇదే కిటుకును పీపాల్లో వాడారు. ఒక్కో పీపాకు ఐదారు కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి కలుపుతారు. మొరటు టానిన్లు కొన్ని సొనతో పాటు అడుగుకు దిగిపోతాయి. మిగిలిన పచ్చసొనలతోనే కాన్‌లే అనే వాళ్ల తీపి వంటకం పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చారిత్రక రుజువు సంగతి ఎలా ఉన్నా, వినడానికి బాగుంటుంది. మాంసంతో రెడ్ వైన్ పొసగడానికీ చాలావరకు ఇదే కారణం. ప్లేటులో ప్రోటీన్ ఉంటే గ్లాసులో వగరు తగ్గినట్టుంటుంది.

ఇప్పుడు ఊరి సంగతి. ఫ్రాన్స్ నైరుతి మూలన గరోన్, డోర్డోన్ అనే రెండు నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి పాయగా అట్లాంటిక్‌లోకి పోతాయి. నీరు పారే దిక్కుకు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు మెడాక్, గ్రావ్. కుడి వైపు సెయింట్ ఎమిలియోన్, పోమెరోల్. ఎడమ ఒడ్డున నేలంతా గులకరాళ్లు. నీరు నిలవదు, పగటి వేడిని రాళ్లు పట్టి ఉంచుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోఁ అనే నల్లద్రాక్షకు అలాంటి నేలే కావాలి. కుడి ఒడ్డున బంకమట్టి, సున్నపురాయి ఎక్కువ. అక్కడ చల్లదనం నిలుస్తుంది కాబట్టి ముందే పండే మెర్లో రాజ్యం. రెండు వైపులా కాబెర్నే ఫ్రాంక్ ఉంటుంది. పెటీ వెర్దో చిటికెడు పడుతుంది, మాల్బెక్ అక్కడక్కడా కనిపిస్తుంది.

కాబెర్నే సోవిన్యోఁ పండు చిన్నది, తొక్క మందం. అంటే రసం తక్కువ, తొక్కా గింజా ఎక్కువ. వగరు దండిగా వస్తుంది. ఎన్నాళ్లు దాచినా ఒళ్లు చెదరదు. కానీ అదొక్కటే తాగితే మధ్యలో బోలుగా అనిపిస్తుంది. మెర్లో కండ పెడుతుంది, గుండ్రంగా ఉంటుంది, తొందరగా మెత్తబడుతుంది. కాబెర్నే ఫ్రాంక్ సువాసన ఇస్తుంది. తమాషా ఏమిటంటే ఇవన్నీ చుట్టాలే. కాబెర్నే ఫ్రాంక్, తెల్లద్రాక్ష అయిన సోవిన్యోఁ బ్లాంక్ కలిసి కాబెర్నే సోవిన్యోఁ పుట్టిందని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. మెర్లోకు కూడా ఒకవైపు కాబెర్నే ఫ్రాంకే. అంటే ఈ రకాలన్నీ కలిపే బోర్డో బ్లెండ్‌లో తండ్రీ బిడ్డలు ఒకే గ్లాసులో కూర్చుంటారన్నమాట.

ఇన్ని రకాలు కలపడం రుచి కోసమే అనుకుంటాం. అసలు సంగతి పంట బీమా. అట్లాంటిక్ పక్కన వాతావరణాన్ని నమ్మలేం. 1964లో మెడాక్‌లో కోతలు సగంలో ఉండగా, అక్టోబరు రెండో వారంలో వాన పట్టుకుంది. మెర్లో అప్పటికే ఇల్లు చేరింది. కాబెర్నే ఇంకా పండాలని ఆగినవాళ్లు నిలువునా తడిశారు. 1984లో దీనికి తలకిందులుగా జరిగింది. పూత సమయంలో వాతావరణం చెడి మెర్లో పిందె కట్టలేదు. ఆ ఏడాది కాబెర్నేయే దిక్కయింది. ఒక పంట పోతే ఇంకోటి ఆదుకోవాలని నాలుగు రకాలు వేసే రైతు ఆలోచనే ఇది. రుచి సిద్ధాంతాలు తర్వాత చేరాయి. అందుకే 'క్లాసిక్ బ్లెండ్' అంటే ఏదో స్థిరమైన కొలత అనుకోకూడదు. ప్రతి చలికాలం ఒక్కో మడి నుంచి వచ్చిన వైన్‌ను వేరువేరుగా రుచి చూసి, ఆ ఏటికి ఎంతెంత కలపాలో తేలుస్తారు. ఆ పాళ్లు ఏడాదికోలా ఉంటాయి.

బోర్డో అన్న మాట మనకు కొత్త కాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే, నిమ్మకు గజ్జి తెగులు వస్తే బోర్డో మిశ్రమం కొట్టమంటారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఈ మందు ఊరు మెడాక్‌లోని సెయింట్ జూలియన్. అక్కడి రైతులు దారి పక్క తీగలకు మైలుతుత్తం, సున్నం కలిపి చిమ్మేవారు. దారిన పోయేవాళ్లు ఆ నీలపు మరకలు చూసి పళ్లు కోసుకోకుండా ఉండాలని. 1882లో అటుగా వెళ్లిన వృక్ష శాస్త్రవేత్త పియెర్ మిలార్డే ఒకటి గమనించాడు. లోపలి తీగల ఆకులన్నీ బూజు తెగులుకు రాలిపోతే, దారి పక్కవి మాత్రం పచ్చగా ఉన్నాయి. 1885కల్లా దాన్ని మందుగా ప్రకటించాడు. కోనసీమ కొబ్బరి రైతు చేతిలో ఉన్న మందు, పదివేల రూపాయల వైన్ సీసా, రెండూ ఒకే పొలం గట్టు నుంచి వచ్చాయి.

సరే, సీసా లోపలికి వెళ్దాం. కొత్త బోర్డో రంగు నేరేడు పండు రంగు. ఆ రంగుకు కారణమైన యాంథోసయనిన్లు నేరేడులోనూ, వంకాయ తొక్కలోనూ ఉంటాయి. పద్దెనిమిది నెలలో, కాస్త అటూ ఇటూగానో, 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఉంచాక సీసాలోకి ఎక్కిస్తారు. అప్పటి నుంచి రంగు పదార్థాలూ టానిన్లూ ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలుపెడతాయి. టానిన్ల గొలుసులు పెరిగి పెరిగి, బరువెక్కి అడుగుకు దిగిపోవడం వల్లే వగరు తగ్గుతుందని చాలాకాలం చెప్పేవారు. ఇప్పుడు తెలిసిన కథ అంత సూటిగా లేదు. వైన్‌లోని పులుపుకు గొలుసులు తెగుతుంటాయి కూడా. తెగిన ముక్కలు రంగు పదార్థాలతో కొత్తగా ముడిపడతాయి. కొన్ని అడుగుకు దిగుతాయి, కొన్ని అలాగే మిగిలినా ఉమ్మి ప్రోటీన్లను మునుపటిలా పట్టుకోలేవు. ఏమైనా నోటికి తెలిసే ఫలితం ఒకటే. గీరుకునే వగరు కాస్తా మెత్తని వగరు అవుతుంది. ఊదా ఛాయ పోయి దానిమ్మ ఎరుపు, ఆ తర్వాత ఇటుక రంగు వస్తాయి. అడుగున మడ్డి చేరుతుంది. బోర్డో సీసాకు భుజాలు ఎత్తుగా ఉండటం పోసేటప్పుడు ఆ మడ్డిని ఆపడానికి బాగా పనికొస్తుంది.

ఈలోగా వాసనలు కూడా మారతాయి. కొత్తప్పుడు ఉండే తాజా పండు వాసన ఏటేటా తగ్గుతుంది. దాని స్థానంలో వేరేవి వస్తాయి: పొగాకు, తోలు, దేవదారు, ఎండుటాకులు, తడి నేల. పాత బోర్డోలో ఒక్కోసారి తగిలే పుదీనా చల్లదనానికి పిపెరిటోన్ అనే పదార్థం కారణమని బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. ఇలా కొత్తవి రావడం, పాతవి పోవడం ఏకకాలంలో నడుస్తుంది. అసలు ముడి ఇక్కడే ఉంది. వయసు పెరిగేకొద్దీ వైన్ బాగుపడుతూ పోదు. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటుంది. వగరు తగ్గేలోపు పండు అయిపోకూడదు, అంతే. ఈ పందెంలో ఏది ముందు చేరుతుందన్న దాన్ని బట్టే ఆ సీసా తలరాత ఉంటుంది.

రెండు సంవత్సరాలు చూస్తే ఇది అర్థమవుతుంది. 1975 బోర్డో వైన్‌లు కొత్తలో భయంకరమైన వగరు. ఇంత గట్టిగా ఉన్నాయంటే నలభై ఏళ్లు నిలుస్తాయని చాలామంది దాచారు. నిలిచాయి కూడా, కానీ చాలా సీసాల్లో పండు ముందు అయిపోయింది, వగరు మాత్రం కదల్లేదు. ఎదురుచూపుకు ఎండిపోయిన వైన్ మిగిలింది. 1982 వైన్‌లు కొత్తలోనే ఎంతో మెత్తగా, తియ్యటి పండుతో ఉన్నాయి. ఇంత సుళువుగా ఉంటే ఎక్కువ కాలం ఉండవని అప్పట్లో కొందరు విమర్శకులు పెదవి విరిచారు. రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ లాయరు మాత్రం ఇవి గొప్పవని గట్టిగా రాసి, ఆ ఒక్క ఏడాదితో పేరు తెచ్చుకున్నాడు. మంచి తోటల 1982లు నలభై ఏళ్లు దాటినా బతికే ఉన్నాయి. వాటిలో టానిన్ తక్కువేమీ కాదు, పండు వెనక దాక్కుంది. కొత్తలో ఎంత కటువుగా ఉంటే అంత బాగా ముదురుతుందనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది కానీ, నేను నమ్మను. మొరటుతనం, బలం ఒకటి కావు.

ఇక తాగడం. పోయిన చలికాలం ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో మా బావ ఇంట్లో 1996 నాటి సెయింట్ జూలియన్ సీసా తీశాం. బావ అక్కడ విమానాల కంపెనీలో పని చేస్తాడు. వీధి చివర వైన్ కొట్టు ఆయనతో బావకు స్నేహం కుదిరింది. ఆయన తన నేలమాళిగ నుంచి తెచ్చి అమ్మిన సీసా అది. 1996 ఎడమ ఒడ్డుకు, ముఖ్యంగా కాబెర్నేకు మంచి ఏడాది. మెర్లోకు అంత కలిసిరాలేదు. లేబుల్ మీద ఆల్కహాలు 12.5 శాతం. ఇప్పుడొచ్చే వాటిలో 14 కూడా మామూలైపోయింది. ఎండలు ముదిరి ద్రాక్షలో చక్కెర పెరుగుతోంది మరి.

పడుకోబెట్టి ఉన్న సీసాను బావ ముందురోజే నిలబెట్టాడు, మడ్డి అడుగుకు చేరడానికి. తీసేముందు వెలుగులో పట్టి వైన్ ఎంతవరకు ఉందో చూపించాడు. మెడ అడుగు దాకా ఉంది. ఇన్నేళ్ల సీసాకు అది మంచి లక్షణం. భుజం మధ్యకు దిగిందంటే కార్కు గాలిని లోపలికి వదులుతోందని అనుమానించాలి. కార్కు తీయడానికి మామూలు మరచుట్టు వాడలేదు. రెండు సన్నని రేకులున్న సాధనాన్ని కార్కుకు అటూ ఇటూ దూర్చి, మెల్లగా తిప్పుతూ లాగాడు. మెత్తబడ్డ పాత కార్కు మధ్యలో మర దూరిస్తే బాబాయి సీసాకు పట్టిన గతే పడుతుంది. తర్వాత సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించి సీసా మెడ కింద పెట్టమని నన్ను అడిగాడు. ఒకే ధారగా, చేయి ఆపకుండా గాజు కూజాలోకి వంచాడు. చివరికి వస్తుండగా భుజం దగ్గర పొగలాగా ఒక నల్లని తీగ కదిలింది. అంతే, చేయి ఆపేశాడు. అడుగున రెండు వేళ్ల మందం వదిలేశాడు.

ఇలా వేరే పాత్రలోకి వంచడం మీద పెద్ద తగాదాయే ఉంది. వైన్ 'ఊపిరి పీల్చుకోవాలి' అని గంటలకొద్దీ గాలికి ఉంచేవాళ్లున్నారు. బోర్డో వైన్ విద్యకు ఆధునిక రూపం ఇచ్చిన ఎమిల్ పేనో మాత్రం దీన్ని ఒప్పుకోలేదు. మడ్డి ఉంటేనే వంచండి, అదీ తాగబోయే ముందే అన్నాడు. గాలి తగిలేకొద్దీ వాసన మొద్దుబారుతుందన్నది ఆయన వాదన. పదేళ్ల లోపు గట్టి వైన్‌కు గంటసేపు గాలి మేలే చేస్తుందని నాకనిపిస్తుంది. పాతికేళ్లు దాటిన దాని విషయంలో మాత్రం పేనో మాటే వింటాను. ముసలి వైన్‌కు గాలి మందూ అదే, విషమూ అదే.

గ్లాసును మూడో వంతు కూడా నింపకుండా, తెల్ల కాగితం మీదికి వంచి చూశాం. మధ్యలో దానిమ్మ గింజ ఎరుపు. అంచుకు వచ్చేసరికి పలచబడి ఇటుక రంగు, చిట్టచివర నారింజ ఛాయ. ఆ అంచు ఎంత వెడల్పుగా ఉంటే వయసు అంత ఎక్కువని లెక్క. మొత్తం గోధుమ రంగుకు తిరిగితే మాత్రం ఆశ వదులుకోవచ్చు. మొదట వాసన చూస్తే ఏమీ లేదు, మూసిన గది వాసన. పది నిమిషాలకు చెక్కిన పెన్సిల్. ఆ వాసనను బోర్డో రాతల్లో దేవదారు అంటారు. పెన్సిల్ చెక్కకూ అలాంటి వాసనే కాబట్టి మనకు పెన్సిలే గుర్తొస్తుంది. అరగంటకు పొగాకు. బావది ఒంగోలు వైపు. "మా ఊళ్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు సరిగ్గా ఇదే వాసన" అన్నాడు. అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "తాతయ్య పుస్తకాల బీరువారా!" అంది. ఫ్రెంచివాళ్లు రాసే నల్ల కాసిస్ పండు మేమెవరమూ చిన్నప్పుడు చూసిందీ లేదు, తిన్నదీ లేదు. ఆ మాట అరువు తెచ్చుకోవడం కన్నా బీరువా, బ్యారన్, పెన్సిల్ అనడమే నిజాయితీ. వాసన అంటేనే జ్ఞాపకం. ఎవరి జ్ఞాపకం వాళ్లది.

అలాగని నోటికొచ్చింది చెప్పేయడమూ కాదు. ముక్కును కళ్లు ఎంత తేలిగ్గా మోసం చేస్తాయో బోర్డోలోనే రుజువైంది. 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకు ఇచ్చారు. రంగు మారిన ఆ తెల్ల వైన్‌కు వాళ్లు రెడ్ వైన్‌కు వాడే మాటలే వాడారు. అందుకే లేబుల్ చూడకముందే, పక్కవాళ్లతో మాట్లాడకముందే ఒక మాట కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఇక గుక్క. వేడి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. 'రెడ్ వైన్‌ను గది వేడికే తాగాలి' అన్న మాట పాతకాలపు యూరప్ చలి గదులను బట్టి పుట్టింది, మన హాల్లో 32 డిగ్రీలను ఉద్దేశించి కాదు. ముందు పులుపు తగిలింది, చురుగ్గా, బతికి ఉన్నట్టు. పాత వైన్‌ను నిలబెట్టే వెన్నెముక అదే. తర్వాత పండు, తాజాది కాదు, ఎండినది. ఆ వెనక వగరు. ఉంది, కానీ పట్టుకోలేదు. కొత్త బోర్డో వగరు గంజి పెట్టిన ముతక ఖద్దరైతే, ఇది ఇరవై ఏళ్లు ఉతికి ఆరేసిన నేత పంచె. నేత అదే, గరుకే పోయింది. మింగాక ఎంతసేపు రుచి నిలుస్తుందో లెక్కపెట్టాం. ఫ్రెంచివాళ్లు దీనికి కోదలీ అని ఒక కొలమానమే పెట్టుకున్నారు, ఒక సెకనుకు ఒకటి. లాటిన్‌లో తోక అన్న మాట నుంచి వచ్చింది. నాకు పదిహేను దాకా వచ్చింది. అక్క ఇరవై అంది. నాలుక మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఏమేం పోయాయో చూసుకుంటే చాలు. చివర మిగిలింది వగరు ఒక్కటే అయితే ఆ వైన్ ఎండిపోయింది. పండూ వగరూ కలిసి ఒకేసారి మసకబారితే అది సరైన వయసు.

బాబాయి సీసాకు జరిగింది ఇప్పుడు చెప్పొచ్చు. ఇలాంటివాటికి 12, 13 డిగ్రీల స్థిరమైన చల్లదనం, చీకటి, కాస్త తేమ కావాలి. సీసాను పడుకోబెట్టాలి, కార్కు తడిగా ఉండటానికి. బెజవాడ వేసవిలో 44 డిగ్రీలు మామూలు. వేడి పెరిగితే పైన చెప్పిన రసాయన చర్యలన్నీ పరుగందుకుంటాయి, అన్నీ ఒకే వేగంతో కాదు. పండు ఉడికిపోతుంది, వైన్ వ్యాకోచించి కార్కును తోస్తుంది, చలికాలంలో ముడుచుకుని గాలిని లోపలికి పీల్చుకుంటుంది. పద్నాలుగేళ్లు అలా ఊపిరి తీసుకుందన్నమాట. ఇదిగాక తడి అట్టపెట్టె వాసన వచ్చే సీసాలు ఉంటాయి. అది వయసు తప్పు కాదు, కార్కులో ట్రైక్లోరోఅనిసోల్ చేరడం వల్ల వచ్చేది. లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు, పండు వాసనంతా మింగేస్తుంది. మంచి కొట్టువాడైతే మారుస్తాడు.

పేరున్న తోటల గురించి పెద్దగా చెప్పను. 1855లో పారిస్ ప్రదర్శన కోసం, అప్పటి ధరలను బట్టి దళారులు తయారు చేసిన జాబితా ఇప్పటికీ ధరలను శాసిస్తోంది. అగ్రశ్రేణిలో ఇన్నేళ్లలో జరిగిన మార్పు ఒక్కటే, 1973లో మూటాన్ రోత్‌షీల్డ్‌ను అందులోకి చేర్చడం. ఆ పేర్ల చుట్టూ డబ్బు ఉంది కాబట్టి మోసమూ ఉంది. రూడీ కుర్నియావాన్ అనేవాడు అమెరికాలో తన ఇంట్లోనే చవక వైన్‌లు కలిపి, పాత లేబుళ్లు అంటించి సంపన్నులకు అమ్మాడు. 2013లో దోషిగా తేలి, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. ఏళ్ల తరబడి నిపుణులు కూడా పసిగట్టలేకపోయారంటే, అసలు ముసలి వైన్ ఎలా ఉంటుందో నిజంగా తెలిసినవాళ్లు ఎంత తక్కువో ఊహించుకోవచ్చు. మొదటిసారి రుచి చూడాలనుకుంటే, పెద్ద పేరు లేని మెడాక్ తోట నుంచి 2005 లేదా 2010 లాంటి మంచి ఏడాది సీసా చాలు. అదీ వీలైతే అది దాచిన చోటికే వెళ్లి తాగడం మేలు. మన దేశానికి తెచ్చుకుంటే సుంకం దెబ్బ ఒకటి, ఎండ దెబ్బ ఒకటి.

టూలూజ్‌లో మేం రెండు గంటలు కూర్చున్నాం. గంటన్నర దాకా గ్లాసు మారుతూ వచ్చింది. మధ్యలో ఒక పది నిమిషాలు పుదీనా తగిలి వెళ్లిపోయింది. ఆ తర్వాత పండు జారిపోవడం తెలిసింది. ఆఖరి గుక్కలో పులుపే ఎక్కువ. సీసా అడుగున మిగిలిన మడ్డిని అక్క పలచని గుడ్డలో వడకట్టి మర్నాటి మటన్ కూరలో పోసింది.

ఇదంతా బాబాయికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే ఫ్రిజ్‌లో పెట్టాల్సిందన్నమాట" అన్నాడు. కొన్ని నెలలకైతే పర్లేదు గానీ ఏళ్ల తరబడి కాదు, అక్కడ కార్కు ఎండుతుందని చెప్పాను. ఆ సీసా చేతికొచ్చిన ఏడాదే తాగేసి ఉంటే సరిపోయేదని మాత్రం చెప్పలేకపోయాను. ఖాళీ సీసా ఇప్పటికీ ఆ షోకేసులోనే ఉంది, అందులో మనీప్లాంట్ పెంచుతున్నాడు.